ఆగ్రాకి కారులో ఒక రోజు, దారి పొడవునా మా అమ్మ ప్రశ్నలు

నరసరావుపేటలో మా ఇంటి షోకేసులో ఒక ప్లాస్టిక్ తాజ్‌మహల్ ఉంది. అమ్మానాన్నల పెళ్ళికి ఎవరో చదివించింది. లోపల చిన్న బల్బు ఉండేదట, నాకు ఊహ తెలిసేసరికే అది వెలగడం మానేసింది. నాలుగు మినార్లలో ఒకదాన్ని నేనే విరగ్గొట్టాను. నాన్న ఫెవికాల్ పెట్టి అతికించారు, అప్పటి నుంచి అది కొంచెం బయటికి వాలి ఉంటుంది. ఈ మినారు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నేను నోయిడాలో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్ళయింది. సంక్రాంతి అయ్యాక అమ్మానాన్న ఒక ఇరవై రోజులు ఉండడానికి వచ్చారు. ఢిల్లీ అంతా మెట్రోలో తిప్పాను. కుతుబ్ మినార్, ఎర్రకోట, అక్షర్‌ధామ్, ఏదీ వదల్లేదు. ఆగ్రా దగ్గరికి వచ్చేసరికి ఎలా వెళ్ళాలన్నది తేలలేదు. గతిమాన్ రైలు ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో దింపేస్తుంది గానీ, స్టేషన్ మెట్లు, ప్లాట్‌ఫారం నడక, దిగాక ఆటోవాళ్ళతో బేరాలు, ఇవన్నీ అమ్మ మోకాళ్ళకి పడవు. టూరిస్టు బస్సు చవక. అయితే మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి, వేరేవాడు నడిపే బస్సులో ప్యాసింజరు సీట్లో ఆయన్ని రోజంతా కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకు తెలీదు. అందుకే ఒక ప్రైవేటు కారు మాట్లాడాను. కారుకి 6,500, అందులోనే టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా. ఆగ్రాలో గైడుకి విడిగా 1,500. టికెట్లు మనం కొనుక్కోవాలి. ముగ్గురికి ఎక్కువే, ఒప్పుకుంటాను.

కారు బుకింగ్ వాళ్ళు నాకు మొదట అంటగట్టబోయింది ‘సన్‌రైజ్ ప్యాకేజీ’. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే సూర్యోదయానికి తాజ్ ముందుంటామట, వెబ్‌సైటులో గులాబీ రంగు ఆకాశం ఫోటో కూడా ఉంది. ఇది జనవరి. నాన్నకి చెబితే ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అమ్మాయ్, పొగమంచులో మూడింటికి హైవే మీద బండి తీసేవాడు డ్రైవరు కాదు, సూర్యుడు కనపడతాడని చెప్పేవాడు మనిషి కాదు" అన్నారు. అంతే, ప్యాకేజీ మారింది, ఏడున్నరకి బయల్దేరాం. ఆ రోజు పదిన్నర దాకా ఎండ అనేదే లేదు కాబట్టి ఈ విషయంలో నాన్న గెలిచినట్టే. చలికాలంలో వెళ్ళేవాళ్ళెవరైనా ఆ గులాబీ ఫోటోని నమ్మకండి. ఇంకో మాట, శుక్రవారం తాజ్‌మహల్ మూసి ఉంటుంది. నేను సెలవు పెట్టింది సరిగ్గా శుక్రవారానికే. ఫోన్లో బుకింగ్ అబ్బాయి చెప్పకపోతే ముగ్గురం వెళ్ళి గేటు చూసి వచ్చేవాళ్ళం.

నాన్న ముందు సీట్లో కూర్చున్నారు. అడిగింది లేదు, చెప్పింది లేదు, కారు రాగానే నేరుగా వెళ్ళి ముందు తలుపు తీసుకున్నారు. డ్రైవరు మధుర దగ్గరి కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో. అతనికి తెలుగు రాదు, నాన్నకి హిందీలో వచ్చింది రెండే మాటలు, ‘ధీరే’, ‘బస్’. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్లు, 2012లో తెరిచారు, మామూలు రోజుల్లో కార్లకి 100 దాకా పోనిస్తారు, పొగమంచు కాలంలో 75కి తగ్గిస్తారు. కుర్రాడు 90 దాటినప్పుడల్లా నాన్న మీటరు వైపు చూసి, తర్వాత అతని వైపు చూసి, ఏమీ అనకుండా దగ్గేవారు. జేవర్ టోలు దాటేసరికి ఆ దగ్గు అర్థమైపోయింది కుర్రాడికి. మధుర టోలు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ చేతులూపుకుంటూ టైర్ల గాలి గురించి మాట్లాడుకుంటున్నారు. సిమెంటు రోడ్డు కాబట్టి ఎండాకాలంలో టైర్లు వేడెక్కి పేలతాయని అతను చేత్తో ‘ఢాం’ అని చూపిస్తే, నాన్న తలూపి "మాకూ అంతే" అన్నారు తెలుగులోనే. వెనక సీట్లో నేను అనువాదానికి సిద్ధంగా ఉన్నాను గానీ ఎవరూ అడగలేదు.

అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర, పెరుగన్నం కట్టింది. తాజ్ లోపలికి తినేవి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి దారిలోనే తినేద్దామని ఒక చోట కారు ఆపించాం. డ్రైవరు తనకి బాగా తెలిసిన ఢాబాకి తీసుకెళ్తానని రెండుసార్లు అన్నాడు, బాగా తెలిసిన ఢాబా అంటే ఏంటో నాకూ తెలుసు కాబట్టి వద్దన్నాను. అమ్మ అతనికీ ఒక పేపరు ప్లేటులో పులిహోర పెట్టింది. మొదటి ముద్దకి మొహం ఒకలా పెట్టాడు, తర్వాత మిరపకాయ పక్కన పెట్టి మొత్తం తినేశాడు.

పదకొండుంపావుకి ఆగ్రాలో తూర్పు గేటు పార్కింగు, శిల్పగ్రామ్ అంటారు. పెట్రోలు, డీజిలు బండ్లు అక్కడే ఆగిపోవాలి, కాలుష్యం వల్ల పాలరాయి పచ్చబడుతుందని, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లే. గైడు అక్కడ మా కోసం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మెడకి మఫ్లరు, ఛాతీ మీద లైసెన్సు కార్డు. ఈ కార్డు చూసుకోండి తప్పకుండా, అక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరు నేనే గైడునంటారు. నమస్కారాలయ్యాక మొదలుపెట్టాడు. ఎలా అంటే, మా చిన్నప్పుడు కరెంటు పోయి మళ్ళీ రాగానే టేప్‌రికార్డరు ఆగిన చోటి నుంచి ఎలా అందుకునేదో అలా. ఆగడు, ఊపిరి తీసుకోడు, మధ్యలో ఏదైనా అడిగితే ఆ మాట పూర్తిచేశాకే జవాబు.

టికెట్టు మనకి 50, అసలు సమాధి మందిరంలోకి ఎక్కాలంటే ఇంకో 200. లోపల మూడు గంటలే ఉండనిస్తారు. సెక్యూరిటీ దగ్గర నాన్న జేబులోని వక్కపొడి ప్యాకెట్టు తీసి పక్కన పడేశారు. ఆ రోజు మొత్తంలో నాన్నకి నిజంగా కోపం వచ్చింది ఆ ఒక్కసారే.

పెద్ద దర్వాజా కింద చీకట్లో గైడు మమ్మల్ని ఆపాడు. "ఇప్పుడు చూడండి, ముందుకి నడిస్తే తాజ్ వెనక్కి వెళ్తుంది, వెనక్కి నడిస్తే మీ దగ్గరికి వస్తుంది" అన్నాడు. నిజంగానే అలా అనిపిస్తుంది. దూరం నుంచి ఆ కమాను చట్రం నిండా తాజే ఉంటుంది, దగ్గరయ్యేకొద్దీ కమాను పెద్దదై అది చిన్నదవుతుంది. అమ్మ మూడుసార్లు ముందుకీ వెనక్కీ నడిచింది, వెనకాల వచ్చే స్కూలు పిల్లలు అందరూ ఆగిపోయారు. పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు, గుమ్మటం పైభాగం ఉందా లేదా అన్నట్టుంది. ఫోటోల కంటే అదే బాగుందని నా అభిప్రాయం, ఫోటోలు మాత్రం ఒక్కటీ సరిగ్గా రాలేదు.

ఇక మినార్లు. నాలుగూ నిటారుగా ఉన్నట్టు కనపడతాయి గానీ కొంచెం బయటికి వాల్చి కట్టారట, భూకంపం వచ్చి పడినా సమాధి మీద పడకూడదని. గైడు చెప్పింది నేను తెలుగులో చెప్పాను. అమ్మ నాన్న వైపు తిరిగి, "అయితే మీరు కరెక్టుగానే అతికించారండీ" అంది. నాన్న నవ్వుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మినారు మీద ఇంట్లో ఎన్ని మాటలు పడ్డారో ఆయన.

నాన్నకి ప్రేమకథ అక్కర్లేదు, లాజిస్టిక్స్ కావాలి. రాయి ఎక్కడి నుంచి? రాజస్థాన్‌లోని మక్రానా నుంచి. ఎలా తెచ్చారు? ఎడ్లబండ్ల మీద. బండ్లు ఎవరిచ్చారు? ఇక్కడ గైడు నిజంగా మంచి విషయం చెప్పాడు. బండ్లు, రాయి కొట్టేవాళ్ళు కావాలని షాజహాన్ అంబర్ (జైపూర్ పక్కన) రాజు జైసింగ్‌కి రాసిన ఫర్మానాలు, అంటే ఆజ్ఞాపత్రాలు, ఇప్పటికీ ఉన్నాయి, అసలు ఈ స్థలమే జైసింగ్‌ది, దీనికి బదులుగా ఆగ్రాలో నాలుగు హవేలీలు ఇచ్చారు. "ఓహో, ల్యాండ్ పూలింగ్ అన్నమాట" అన్నారు నాన్న. ఆ మాట హిందీలోకి ఎలా తిప్పాలో తెలీక వదిలేశాను.

తర్వాత షాజహాన్ పనివాళ్ళ చేతులు నరికించిన కథ వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. చిన్నప్పుడు మా సోషల్ టీచరు కూడా చెప్పారు. దానికి ఆధారం ఏమీ లేదు. తాజ్ నిర్మాణానికి పెద్ద మేస్త్రీగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీయే తర్వాత ఢిల్లీ ఎర్రకోట పనికీ ఉన్నాడు, 1639లో ఎర్రకోట మొదలయ్యేనాటికి ఇక్కడ తాజ్ పని ఇంకా నడుస్తూనే ఉంది. మంచి మేస్త్రీల చేతులు నరికించేవాడు పక్క ఊళ్ళో కోట ఎలా కట్టిస్తాడు? యమున అవతల నల్ల తాజ్ కట్టబోయాడన్నదీ అంతే, మెహతాబ్ బాగ్‌లో తవ్వితే నల్ల రాతి పునాదులేమీ దొరకలేదు, పెద్ద కొలను ఒకటి బయటపడింది. ఇవి నేను ముందురోజు రాత్రి చదువుకుని వెళ్ళాను, గైడుకి చెబితే అతను ఏమాత్రం నొచ్చుకోకుండా "మేడమ్, నిజం చెబితే టిప్పు రాదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆయన నచ్చడం మొదలైంది.

అసలు మలుపు తాజ్ ముందున్న కొలను పక్కన, పాలరాతి బెంచీ దగ్గర జరిగింది. గైడు అలవాటుగా చెప్పుకుపోతున్నాడు: 1631లో ముంతాజ్ మహల్ పద్నాలుగో బిడ్డని కంటూ చనిపోయింది, షాజహాన్ గుండె పగిలిపోయింది, గడ్డం తెల్లబడిపోయింది, అని. నేనూ అలవాటుగా తెలుగులో చెప్పేశాను. అమ్మ ఆగిపోయింది.

మా అమ్మ ఏఎన్‌ఎంగా 33 ఏళ్ళు చేసింది. మా చుట్టుపక్కల పల్లెల్లో సబ్ సెంటర్లలో ఆమె చేతుల మీద ఎన్ని కాన్పులు జరిగాయో ఆమెకే లెక్క తెలీదు. చాలా ఊళ్ళలో ఆమె పేరు ఎవరికీ తెలీదు, నర్సమ్మ అంటే చాలు.

"ఎన్నో కాన్పు?"

"పద్నాలుగు అమ్మా."

"వయసెంత?"

"38."

"పెళ్ళెప్పుడైంది?" గైడు 1612 అన్నాడు. అమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. "పందొమ్మిదేళ్ళలో పద్నాలుగు. అంటే పదహారు నెలలకి ఒకటి. మధ్యలో ఆవిడ ఒంటికి రక్తం పట్టేదెప్పుడు?"

నేను అది హిందీలో అడిగాను. గైడు మఫ్లరు సర్దుకుని, "బహుత్ ప్యార్ థా, మాతాజీ" అన్నాడు.

"ప్రేమ సంగతి నేను అడగలేదే" అంది అమ్మ.

ఇది తిప్పి చెప్పకుండా ఉండాల్సింది గానీ చెప్పేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, గట్టిగా నవ్వి, బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి టేప్‌రికార్డరు ఆగిపోయి మనిషి మాట్లాడటం మొదలైంది. కాన్పు ఎక్కడ జరిగింది? బుర్హాన్‌పూర్‌లో, షాజహాన్ దక్కను మీద దండయాత్రలో ఉంటే ఆవిడా వెంటే ఉంది. "నిండు నెలల్తో అంత దూరమా?" పద్నాలుగు మందిలో ఎంతమంది బతికారు? ఏడుగురు. "సగం." అక్కడే పూడ్చి మళ్ళీ ఇక్కడికి తెచ్చారా? అవును, ఆర్నెల్ల తర్వాత కొడుకు షా షుజా వెంట వచ్చి తెచ్చాడు. అమ్మ ప్రతి జవాబుకీ తలూపుతోంది, సబ్ సెంటర్లో రిజిస్టరు రాసుకునేటప్పుడు ఊపినట్టు.

అప్పుడు గైడు, కొంచెం గొంతు తగ్గించి, మీ అమ్మగారు డాక్టరా అని నన్నడిగాడు. నర్సు అన్నాను. వాళ్ళ కోడలికి ఏడో నెలట. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర ఉందన్నారట, మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మానేసిందట. ఇక చూడండి. ప్రపంచమంతా ఫోటోలు దిగే ఆ కొలను పక్కన నిలబడి పావుగంటసేపు నేను చేసింది ఐరన్ మాత్రల అనువాదం. టీతో వేసుకోవద్దు, టీకీ మాత్రకీ మధ్య గంటైనా ఉండాలి, నిమ్మరసం తాగితే మంచిది, ఎనిమిదిన్నర అంటే ఇంట్లో కూర్చునే లెక్క కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించండి, అవసరమైతే ఇంజెక్షను ఇస్తారు, కాన్పు మాత్రం ఇంట్లో వద్దు. ఆయన ఫోన్లో హిందీలో రాసుకున్నాడు. పక్కనుంచి ఒక తెలుగు గుంపు, అందరికీ పసుపు టోపీలు, వెళ్తూ వెళ్తూ అమ్మ మాటలు విని ఆగింది. కాకినాడ నుంచి కాశీ యాత్ర బస్సులో వచ్చారట, వంటవాళ్ళు కూడా వెంటే ఉన్నారు. వాళ్ళకి ఇక్కడ ఇచ్చింది గంటన్నర. వాళ్ళలో ఒకావిడ అమ్మతో మోకాళ్ళ గురించి మొదలుపెట్టిందో లేదో ముందు నుంచి విజిల్ ఊదారు, ఆవిడ "వస్తానమ్మా" అంటూ పరుగు. నేను కట్టిన 8,000 దేనికో నాకప్పుడు అర్థమైంది, మా అమ్మకి విజిల్ ఊదేవాళ్ళు లేరు.

సమాధి మందిరంలోకి చెప్పుల మీద తెల్ల తొడుగులు వేసుకుని ఎక్కాం. కమాను చుట్టూ నల్ల అక్షరాల్లో ఖురాన్ వాక్యాలు ఉంటాయి, రాసింది అమానత్ ఖాన్. పైకి వెళ్ళేకొద్దీ అక్షరాలు పెద్దవి చేశారు, కిందనుంచి చూస్తే అన్నీ ఒకే సైజులో కనపడాలని. లోపల చీకటి, జనం, గార్డుల విజిళ్ళు, ఆ విజిల్ చప్పుడు గుమ్మటంలో ఎంతసేపు తిరుగుతుందో. ఫోటోలు తీయనివ్వరు. జాలీ తెర వెనకాల ఉన్నవి నకళ్ళు, అసలు సమాధులు కింద నేలమాళిగలో ఉన్నాయి. ముంతాజ్‌ది సరిగ్గా మధ్యలో, షాజహాన్‌ది పక్కకి. ఆ మొత్తం కట్టడంలో కొలత తప్పినట్టు కనపడేది ఆయన సమాధి ఒక్కటే. "తర్వాత ఇరికించినట్టున్నారు" అంది అమ్మ. అదే నిజం కూడా.

ఇంత స్నేహమైనా గైడుగారు మమ్మల్ని పాలరాయి షాపుకి తీసుకెళ్ళడం మాత్రం మానలేదు. ‘దుకాణం కాదు మేడమ్, కారీగర్లు పనిచేసే చోటు, చూడ్డానికి డబ్బులేం వద్దు’. ముందు గదిలో ఇద్దరు కుర్రాళ్ళు సానరాయి తిప్పుతూ రంగురాళ్ళు అరగదీస్తుంటారు, పాలరాతి పలక మీద టార్చి వేస్తే ఎర్ర పువ్వు నిప్పుకణికలా వెలుగుతుంది, అది నిజంగా చూడదగ్గదే. వెనక గదిలో టీ ఇచ్చి తలుపు దగ్గరకి వేస్తారు. చిన్న డబ్బా 9,000తో మొదలై, మేం లేచేసరికి 4,000 అయి, కారు దగ్గరికి వచ్చేసరికి 1,800 అయింది. నాన్న అసలు కారు దిగలేదు, డ్రైవరుతో కలిసి బానెట్టు ఎత్తి ఏదో చూస్తున్నారు. అమ్మ మాత్రం ఆ కుర్రాళ్ళ వేళ్ళు చూసి ఊరికే రాలేక 300 పెట్టి ఒక చిన్న పలక కొంది. మీరు వెళ్తే బుకింగ్ అప్పుడే షాపులు వద్దని వాట్సాప్‌లో రాయించుకోండి. నేను ఫోన్లో చెప్పాను, నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

ఫతేపూర్ సిక్రీ కూడా చూపిస్తానన్నాడు డ్రైవరు, ఇంకో నలభై కిలోమీటర్లు. మూడింటికే వెలుతురు మెత్తబడే రోజుల్లో మూడు చోట్లు తిరిగితే మూడూ చూడనట్టే. కోట ఒక్కటే పెట్టుకున్నాం.

ఆగ్రా కోట అక్బరు 1565లో మొదలుపెట్టింది, సగానికి పైగా ఇప్పటికీ సైన్యం చేతిలో ఉంది. తాజ్ చూసి వచ్చాక ఎర్ర రాయి కళ్ళకి హాయిగా ఉంటుంది, జనం కూడా తక్కువ. అందరూ తాజ్ తాజ్ అంటారు గానీ కూర్చోవడానికి, తిరగడానికి నాకు కోటే నచ్చింది. జహంగీరీ మహల్ ముందు 1610 నాటి పెద్ద రాతి తొట్టి, ఒకే రాయిలో తొలిచింది, లోపల మెట్లు కూడా ఉన్నాయి. "ఇంత కాగులో నీళ్ళెవరు కాచి పోశారో" అంది అమ్మ. ఈవిడ ఎక్కడికెళ్ళినా పనిచేసేవాళ్ళ వైపే చూస్తుందని అప్పుడు గమనించాను.

దీవానె ఖాస్ (రాజు ముఖ్యుల్ని కలిసే మందిరం) దగ్గర నెమలి సింహాసనం గురించి, దాంట్లో పొదిగిన కోహినూర్ గురించి గైడు చెబుతుంటే నాన్న మొదటిసారి మధ్యలో అందుకున్నారు, "కొల్లూర్! హమారా గావ్!" అని. ఆయన హిందీ అక్కడితో అయిపోయింది, మిగతాది నేను చెప్పాను. కోహినూర్ కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లోనే దొరికిందని చెబుతారు, ఆ కొల్లూరు మా పల్నాడు జిల్లాలోదే, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. నాన్న ఒకప్పుడు ఆ వైపు బెల్లంకొండ రూటులో బస్సు నడిపారు. గైడు ఆ మాట విని నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో నాకు తెలీదు, నాన్న మాత్రం అది తనకి రావాల్సిందే అన్నట్టు తీసుకున్నారు.

ముసమ్మన్ బుర్జ్ అనే బురుజు లోపలికి పోనివ్వలేదు, పక్కనుంచే చూశాం. కొడుకు ఔరంగజేబు 1658లో షాజహాన్‌ని ఈ కోటలో పెట్టేశాడు, 1666లో చనిపోయేదాకా ఎనిమిదేళ్ళు ఇక్కడే. యమున మలుపు అవతల తాజ్ కనపడుతుంది. మాకు మాత్రం పొగమంచులో పెన్సిలుతో గీసి చెరిపేసినట్టు కనపడింది. కొడుకులు గద్దె కోసం కొట్టుకుంటుంటే పెద్దకూతురు జహనారా తండ్రి దగ్గరే ఉండిపోయింది, తల్లి పోయినప్పుడు ఆ పిల్లకి 17 ఏళ్ళు. అమ్మ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. నేను నాన్నని ఫోటోకి నిలబడమన్నాను.

బయట పేఠా మిఠాయి కొన్నాం. అది బూడిద గుమ్మడికాయతో చేస్తారని చెప్పేదాకా అమ్మ బాగుందనే అంది, చెప్పాక మాత్రం "వడియాలు పెట్టుకునే కాయని ఇలా పాకంలో ముంచారా" అని ఇంకో ముక్క తీసుకుంది. గైడు డబ్బులతో పాటు టిప్పు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మ నంబరు తీసుకున్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఆమెకి హిందీ రాదు, ఎలా మాట్లాడుకుంటారని అడిగితే, రిపోర్టు ఫోటో పంపిస్తే చాలంది అమ్మ. అంకెలకి భాషేంటంది.

తిరుగు ప్రయాణం ఐదున్నరకి. ఖందౌలీ టోలు దాటాక మళ్ళీ మంచు దిగడం మొదలైంది. నాన్న పూర్తిగా డ్యూటీ ఎక్కేశారు, లైట్లు ఎప్పుడు దించాలో, ముందు లారీకి ఎంత ఎడం ఉంచాలో చేత్తోనే చెబుతున్నారు, కుర్రాడు వింటున్నాడు. అమ్మ నిద్రపోయిందనుకున్నాను.

"బుజ్జీ, ఆ పుట్టిన పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల?"

"పద్నాలుగోది. ఆ గైడుని అడగడం మర్చిపోయాను."

ఫోన్లో వెతికాను. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. పేరు గౌహరారా బేగం. ఆడపిల్ల. ఏడుగురు బతికారన్నాడే, అందులో చిన్నది ఈమే. 1706 దాకా ఉంది, 75 ఏళ్ళు. అన్నలు ముగ్గురు గద్దె గొడవల్లో పోయారు, నాలుగోవాడు ఔరంగజేబు, ఆయన కంటే ఒక్క ఏడాది ముందు పోయింది.

"75 ఏళ్ళా!" అమ్మ లేచి సరిగ్గా కూర్చుంది. కాసేపు కిటికీ వైపు చూసింది, బయట కనపడేదేమీ లేదు. "తల్లి పాలు లేకుండా అన్నేళ్ళు బతికిందంటే దాది మంచిది దొరికుంటుంది. దాది పేరేమైనా రాశారా అందులో?"

చాలాసేపు వెతికాను. రాయలేదు.